తల్లి పక్షమున మాట్లాడేవారు ఎవరు?



ఒక బిడ్డను తల్లిదండ్రులనుండి వేరుచేయవలెనా వద్దా అని అధికారులు విచారిస్తున్నప్పుడు, ఆ తల్లిదండ్రులకు ఒక వకీలును ఏర్పాటు చేయడము ధర్మమేనా? పైకి ఇది కోర్టు ప్రశ్నవలె కనబడుతుంది. కాని ఇది మన సంఘములను నేరుగా తాకే నైతిక ప్రశ్న. మనలో చాలామంది మనసులో ఒక జవాబు ముందే సిద్ధముగా ఉంటుంది. "పిల్లవాడిని ఆకలితో వీధిలో వదిలినవారికి వకీలు ఎందుకు? బిడ్డకు ఒక మంచి ఇల్లు దొరికితే అంతే చాలు గదా" అంటాము. ఈ మాట దయగల మనసులోనుండే వస్తుంది. అయితే దయ తొందరపడినప్పుడు ఎవరికి అన్యాయము జరుగుతుందో కొంచెము నిలిచి చూడవలెను.

మన ప్రాంతము సంగతి మీకు తెలిసినదే. తిరుత్తణి 1960వ సంవత్సరము వరకు ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దుల మార్పు చట్టము ప్రకారము ఆ ఏడు ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రములో చేరింది. సత్యవేడు ప్రాంతము ఇటునుండి అటు వెళ్లింది. తరువాత 1997లో చెంగల్పట్టు జిల్లాను విడదీసి తిరువళ్లూరు జిల్లాను ఏర్పరచారు. పటము మీద గీత మారింది గాని ఇండ్లలో భాష మారలేదు. తిరుత్తణి, పళ్లిపట్టు, ఊత్తుకోట, గుమ్మిడిపూండి వైపున తెలుగు కుటుంబములు తరతరాలుగా ఉన్నాయి. వీరుగాక, ఇటుక బట్టీలకు, కట్టడపు పనులకు ఆంధ్ర జిల్లాలనుండి వలస వచ్చేవారు ఉన్నారు. స్థిరపడిన మనకు రేషన్ కార్డు ఉన్నది, తమిళము వచ్చును, ఏ ఆఫీసు ఎక్కడ ఉన్నదో తెలియును. నిన్న మొన్న వచ్చినవారికి ఇవేవీ లేవు. ఈ తేడా మీదనే ఒక్కొక్కసారి ఒక బిడ్డ బ్రతుకు ఆధారపడుతుంది.

ఆలోచన కొరకు ఒక ఉదాహరణ తీసుకొందాము. ఇది ఎవరి కథయు కాదు, కల్పించి చెప్పినదే. నెల్లూరు వైపునుండి వచ్చిన ఒక కుటుంబము బట్టీ పని కాలము ముగించుకొని ఊరికి తిరిగి పోతున్నది. ఆడికృత్తిక రోజులు. తిరుత్తణి స్టేషను జనముతో నిండిపోయింది. ఆ తోపులాటలో అయిదేండ్ల పిల్లవాడు తప్పిపోయాడు. వాడికి తెలుగు తప్ప రాదు. తండ్రిని "నాయనా" అని పిలుస్తాడే గాని ఆయన పూర్తి పేరు చెప్పలేడు. రైల్వే పోలీసులు వాడిని చేరదీసి, చట్టము చెప్పినట్లే 24 గంటలలోగా జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు నిలబెట్టారు. కమిటీ వాడిని పిల్లల గృహములో ఉంచింది. ఇంతవరకు ఎవరి తప్పూ లేదు. అందరూ తమ పని చేశారు.

ఇప్పుడు తల్లి వైపు చూడండి. ఆమె రెండు స్టేషనులు వెదికింది. పోలీసుల యొద్దకు వెళ్లాలంటే భయము, ఎందుకనగా బట్టీ యజమానికి తీర్చవలసిన అడ్వాన్సు ఇంకా మిగిలి ఉన్నది. పిల్లవాడి ఫోటోతో పత్రికలో ప్రకటన వేస్తారు. అది తమిళ పత్రిక అయితే ఆమె చదవలేదు. ఎలాగో కమిటీ ముందుకు వచ్చిందనుకొందాము. జనన ధ్రువపత్రము ఏది, ఆధార్ ఏది, బడికి ఎందుకు పంపలేదు, స్టేషనులో ఎందుకు వదిలావు అని తమిళములో అడుగుతారు. అర్థము కాక ఆమె తల ఊపుతుంది. ఆ తల ఊపడమే ఒప్పుకోలుగా కాగితము మీదికి ఎక్కవచ్చును. ఎవరూ వెదకుతూ రాకపోతే, రెండేండ్లు దాటిన బిడ్డ విషయములో నాలుగు నెలలలోను, రెండేండ్లలోపు బిడ్డ విషయములో రెండు నెలలలోను, "దత్తతకు చట్టరీత్యా అర్హత గలవాడు" అని ప్రకటించే మార్గము చట్టములో ఉన్నది. అనాథ బిడ్డ ఏండ్ల తరబడి హోములో పడి ఉండకూడదని ఈ గడువు పెట్టారు. ఆ ఉద్దేశము మంచిదే. అయితే ఆ గడువే భాష రాని తల్లికి గోడ అవుతుంది.

చట్టము కఠినమైనదని నేను అనుటలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టమును చదివితే, బిడ్డను పెంచే మొదటి బాధ్యత కన్న కుటుంబానిదని, సంస్థలో ఉంచడము చివరి మార్గమని, బిడ్డను తిరిగి ఇంటికి చేర్చడమే పిల్లల గృహము యొక్క ముఖ్యోద్దేశమని స్పష్టముగా ఉన్నది. పేదరికము ఒక్కటే బిడ్డను వేరుచేయుటకు కారణము కాకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అంగీకరించిన మార్గదర్శక సూత్రములు చెబుతున్నవి. అయితే కాగితము మీద ఉన్న హక్కు తనంతట తాను నోరు తెరిచి మాట్లాడదు. దానిని ఎత్తిచూపే మనిషి కావలెను. కమిటీ అనగా ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. వారికి మొదటి తరగతి మేజిస్ట్రేటుకు ఉన్న అధికారము ఉన్నది. అంతటి అధికారము ముందు ఒక కూలి తల్లి ఒంటరిగా నిలబడుట న్యాయమా? ఇదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు మనకు బాగా పరిచయమైన ఒక విచారణ వెలుగు చూపుతుంది. రాజుల మొదటి గ్రంథము 3వ అధ్యాయములో ఇద్దరు స్త్రీలు ఒక బిడ్డ కొరకు సొలొమోను ముందు నిలిచారు. మనము ఎప్పుడూ రాజు తెలివిని మెచ్చుకొంటాము. మరి రెండు సంగతులు గమనించుదాము. మొదటిది, ఆ స్త్రీలు సమాజములో గౌరవము లేనివారు. అయినా రాజు వారిని వెళ్లగొట్టలేదు. ఇద్దరి మాటా, వారి నోటినుండే, చివరివరకు విన్నాడు. తరువాతనే తీర్పు. రెండవది ఇంకా లోతైనది. బిడ్డ బ్రతికితే చాలునని కన్నతల్లి వాడిని రెండవ స్త్రీకి ఇచ్చివేయమన్నది. రాజు ఆ మాటను ఆమె హక్కు వదులుకొన్నట్లు రాసుకోలేదు. అదే ఆమె తల్లితనానికి రుజువని గ్రహించి బిడ్డను ఆమెకే ఇప్పించాడు.

ఈ రెండవ సంగతి మన కాలానికి చాలా అవసరము. బిడ్డ కడుపు నిండితే చాలునని ఒక పేద తల్లి వేలిముద్ర వేస్తే, ఆమె ప్రేమ లేనిదని మనము తీర్మానిస్తాము. ప్రేమ ఉన్నది గనుకనే ఆమె వేలు కదిలిందేమో అని అడిగేవారు ఎవరు? బిడ్డను అప్పగించే తల్లిదండ్రులకు కమిటీ విచారణ చేయవలెనని, నచ్చచెప్పి కారణములు తెలిసికొనవలెనని, అప్పగింత పత్రము కమిటీ ముందే రాయవలెనని, ఆ తరువాత కూడా మనసు మార్చుకొనుటకు రెండు నెలల గడువు ఇవ్వవలెనని చట్టము చెప్పుట ఇందుకే. అయితే ఆ రెండు నెలలు ఉన్నాయని ఆమెకు ఆమె భాషలో చెప్పకపోతే గడువు ఇచ్చి లాభమేమి?

వినేవారు లేనప్పుడు ఏమి జరిగిందో మన తెలుగువారికి తెలిసిన చేదు చరిత్ర ఉన్నది. 1999లోను, మరల 2001లోను, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విదేశీ దత్తతల వ్యవహారము బయటపడింది. తండాలలోని బీద లంబాడా కుటుంబములనుండి ఆడపిల్లలను కొద్దిపాటి డబ్బుకు కొని, హైదరాబాదులోని సంస్థలకు చేర్చి, అక్కడినుండి విదేశాలకు పంపుటకు సిద్ధము చేశారు. కాగితములన్నిటిలోను తల్లి తనంతట తానే వదులుకొన్నట్లు ఉన్నది. 2005లో చెన్నైలో ఇంకొక వ్యవహారము వెలుగులోనికి వచ్చింది. పేదవాడల వీధులలో ఎత్తుకొనిపోయిన పిల్లలు ఒక దత్తత సంస్థ ద్వారా ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ వంటి దేశాలకు చేరారు. పెంచుకొన్న ఆ విదేశీ దంపతులు దొంగలు కారు. కాగితములు నమ్మినవారు. కన్నవారు ఏండ్ల తరబడి స్టేషనుల చుట్టూ తిరిగినవారు. మధ్యలో పెరిగి పెద్దవాడైన బిడ్డ ఎవరిని అమ్మా అని పిలవవలెను?

కాబట్టి కన్నవారికి న్యాయసహాయము చేయుట దత్తతకు విరోధము అనుకొనుట పొరపాటు. అది దత్తతకు పునాది. బిడ్డ లేని దంపతులు ఎంతో ఆశతో ఒక పసిబిడ్డను ఇంటికి తెచ్చుకొంటారు. ఆ బిడ్డ వెనుక ఏ తల్లి కన్నీరూ దాగి లేదని వారికి నిశ్చయము కావలెను. ఎదుటి పక్షము మాట పూర్తిగా విని ఇచ్చిన ఉత్తర్వు మాత్రమే ఆ నిశ్చయము ఇవ్వగలదు. 1984లో లక్ష్మీకాంత్ పాండే అనే వకీలు రాసిన ఉత్తరమును సుప్రీంకోర్టు పిటిషనుగా తీసుకొని, విదేశీ దత్తతలకు కట్టుదిట్టమైన నియమములు పెట్టింది. కన్నవారిని ఒత్తిడి చేయకూడదని, వారు చేయబోయేది ఏమిటో వారికి తెలియజెప్పవలెనని ఆ తీర్పులోని ముఖ్యాంశము. ఇరువది సంవత్సరములు గడిచినా మోసములు ఆగలేదంటే, నియమము చాలలేదని కాదు, నియమమును తల్లి పక్షమున అడిగే మనిషి లేడని అర్థము.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరమునకు జవాబు చెప్పవలెను. "కొందరు తల్లిదండ్రులు నిజముగానే క్రూరులు. త్రాగి కొట్టేవారున్నారు. బిడ్డలను పనికి, భిక్షకు పంపేవారున్నారు. అంతకంటె ఘోరము చేసేవారున్నారు. వకీలు తెలివితో వారిని గెలిపిస్తే బిడ్డ మరల ఆ నరకములోనే పడదా?" ఈ భయము నిజమైనది. దానిని తేలికగా తీసివేయరాదు. బిడ్డ క్షేమమే అన్నిటికంటె ముఖ్యమని చట్టము చెబుతున్నది, మన మనస్సాక్షియు చెబుతున్నది. కాని న్యాయసహాయము అనగా తల్లిదండ్రులను ఎలాగైనా గెలిపించుట కాదు. జరిగినది జరిగినట్లు, జరగనిది జరగనట్లు బయటికి వచ్చేలా చేయుట. బిడ్డ పక్షమున కూడా వేరొక వకీలు ఉండవలెను. పిల్లలకు తగిన న్యాయసేవలు అందించుట కమిటీ బాధ్యతలలో ఒకటి. ఇరువైపుల మాట విన్న తరువాత కూడా బిడ్డను ఇంటికి పంపరాదని తేలితే, ఆ ఎడబాటు దుఃఖకరమే గాని అన్యాయము కాదు. ఏమియు వినకుండా ఇచ్చిన ఉత్తర్వు ఒకవేళ సరియైనదే అయినా, అది సరియైనదని ఎవరికీ తెలియదు.

అదే సమయములో సంఘపెద్దలు ఒక హద్దు గుర్తుంచుకొనవలెను. ఇంటి పరువు పేరున, సంఘము పరువు పేరున పిల్లలమీద జరిగిన లైంగిక అత్యాచారమును కప్పిపెట్టి, కుటుంబమును "కలిపి ఉంచాము" అని చెప్పుకొనుట సహాయము కాదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తెలిసియు పోలీసులకు చెప్పకపోవుట నేరము. తల్లిదండ్రుల పక్షమున నిలబడుట వేరు, తప్పు పక్షమున నిలబడుట వేరు.

ఈ ప్రశ్న మనకు మాత్రమే వచ్చినది కాదు. 1981లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక తల్లి కేసు వచ్చింది. జైలులో ఉన్న ఆ తల్లి తన బిడ్డపై హక్కును వకీలు లేకుండానే పోగొట్టుకొన్నది. అటువంటి ప్రతి కేసులోను ప్రభుత్వమే వకీలును ఇవ్వవలెనని రాజ్యాంగము చెప్పుటలేదని అయిదుగురు న్యాయమూర్తులు, ఇవ్వవలెనని నలుగురు అన్నారు. ఇంగ్లండులో బిడ్డను ప్రభుత్వ సంరక్షణలోనికి తీసికొనే కేసు వేసినప్పుడు తల్లిదండ్రుల ఆదాయము చూడకుండానే న్యాయసహాయము ఇస్తారు. మన బంధువులు ఆ దేశాలలో స్థిరపడినవారు అనేకులు ఉన్నారు గనుక ఈ మాట వారికీ పనికివస్తుంది.

మన దేశములో మార్గము లేదా? ఉన్నది. ఉచిత న్యాయసహాయము ప్రభుత్వ విధియని 1976లో రాజ్యాంగములో 39ఎ అధికరణము చేర్చారు. 1987 నాటి న్యాయసేవల చట్టము 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చింది. ఆ చట్టములోని 12వ సెక్షను ప్రకారము స్త్రీకి, బిడ్డకు ఆదాయముతో సంబంధము లేకుండా ఉచితముగా వకీలును ఇవ్వవలెను. షెడ్యూల్డు కులముల, తెగల వారికి కూడా అంతే. మన సంఘములలో ఎస్సీ సర్టిఫికెట్ లేనివారు చాలామంది ఉన్నారు. "మాకు ఆ వసతి వర్తించదు" అని వెనుకకు తగ్గనక్కర లేదు. స్త్రీ అయితే చాలు, మతము అడగరు. తిరువళ్లూరులో జిల్లా న్యాయసేవల సంస్థ ఉన్నది. తాలూకా స్థాయిలో కోర్టు ఆవరణములోనే న్యాయసేవల కమిటీలు పనిచేస్తాయి. 15100 అనే నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. పిల్లవాడు తప్పిపోతే 1098. బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు అన్యాయమనిపిస్తే 30 రోజులలోగా పిల్లల కోర్టుకు అప్పీలు చేయవచ్చును. కమిటీ పనితీరు మీద ఫిర్యాదు ఉంటే కలెక్టరుకు చెప్పుకొనవచ్చును. ఈ సంగతులు తెలిసిన ఒక మనిషి పక్కన ఉంటే, పైన చెప్పిన నెల్లూరు తల్లి కథ ఇంకొక విధముగా ముగుస్తుంది.

మన ఇంటి సంగతి కూడా చూసుకొందాము. మన క్రైస్తవులకు చాలాకాలము దత్తత చట్టమే లేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టము మనకు వర్తించదు. 1890 నాటి సంరక్షకుల చట్టము క్రింద సంరక్షకులముగా ఉండేవారమే గాని, చట్టము దృష్టిలో తల్లిదండ్రులము కాలేకపోయేవారము. బాలల న్యాయ చట్టము 2000లో వచ్చి, 2006లో సవరించబడిన తరువాత ఏ మతమువారైనా దత్తత తీసికొనే దారి తెరుచుకొన్నది. 2014లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను స్థిరపరచింది. 2022 సెప్టెంబరునుండి దత్తత ఉత్తర్వును కోర్టుకు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. అయినా మనలో పాత అలవాటు పోలేదు. ఒక స్టాంపు కాగితము మీద నోటరీ సంతకము పెట్టించి, పెద్దల ముందు బిడ్డను చేతులలో పెట్టి, "ఇక వీడు మీవాడే" అంటాము. అది దత్తత కాదు. ఆస్తి దగ్గరో, పాస్‌పోర్టు దగ్గరో ఒకనాడు ఆ బిడ్డ వీధిన పడతాడు. చట్టమును దాటి బిడ్డను ఇచ్చుటకు, పుచ్చుకొనుటకు మూడేండ్ల వరకు జైలు ఉన్నది. డబ్బు చేతులు మారితే శిక్ష ఇంకా ఎక్కువ.

సంఘముల పేరున నడిచే హాస్టళ్లు, హోముల విషయమూ ఇంతే. రిజిస్ట్రేషను లేకుండా పిల్లలను ఉంచుట నేరము. అంతకంటె పెద్ద ప్రశ్న ఒకటి ఉన్నది. తల్లి, తండ్రి బ్రతికియుండగా కేవలము అన్నము లేదని బిడ్డను తెచ్చి "అనాథ" అని రాసినప్పుడు మనము ఎవరికి మేలు చేశాము? అదే అన్నము ఆ ఇంటికే పంపలేమా? విధవరాలి పిల్లలు, భర్త విడిచిన స్త్రీల పిల్లలు, తీవ్రమైన జబ్బుతో పడియున్నవారి పిల్లలు ఇంటిలోనే పెరుగుటకు ప్రభుత్వము ఇచ్చే స్పాన్సర్‌షిప్ సహాయము ఉన్నది. 2022నాటి మిషన్ వాత్సల్య నియమముల ప్రకారము అది నెలకు 4,000 రూపాయలు. ఆ దరఖాస్తు నింపి జిల్లా బాలల పరిరక్షణ విభాగములో ఇచ్చుట ఒక హోము కట్టుటకంటె చిన్న పని. ఫలితము మాత్రము చిన్నది కాదు.

మన చరిత్రలో దీనికి ఒక మాదిరి ఉన్నది. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో ఒంగోలులో ఉన్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము పనిని కాంట్రాక్టుకు తీసికొన్నారు. ఆకలిగొన్న కుటుంబములకు కూలి దొరకవలెనని ఆయన ఉద్దేశము. తల్లిదండ్రుల చేతికి పని దొరికితే బిడ్డల నోటికి అన్నము దొరుకుతుంది, ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. ఆ కాలువే మన జిల్లాలో పళవేర్కాడు ప్రక్కగా పోతున్నది. దానిని చూసినప్పుడైనా ఈ సంగతి జ్ఞాపకము చేసికొందాము.

మన సంఘములు చేయగలిగినవి పెద్ద పనులు కావు. తెలుగు, తమిళము రెండూ బాగా వచ్చిన ఇద్దరు ముగ్గురు, వారిలో ఒక సహోదరి తప్పక ఉండేటట్లు, కమిటీ ముందు మాట మార్చి చెప్పుటకు సిద్ధముగా ఉండవచ్చును. ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను, తమ అభిప్రాయము కలుపరాదు. వలసవచ్చిన కుటుంబములకు పిల్లల జనన పత్రములు, ఆధార్ తీయించి పెట్టవచ్చును. ఈ కాగితముల దగ్గరే కేసులు చిక్కుకొనవచ్చును. ఎవరైనా "ఇక్కడ వేలిముద్ర వేయి" అంటే, చదివి వినిపించేవరకు వేయవద్దని ప్రతి తల్లికీ నేర్పవచ్చును. అప్పీలు గడువు దాటకముందే ఆమెను న్యాయసేవల ఆఫీసుకు తోడుకొని పోవచ్చును. ఆ రోజు కూలి పోతుంది గనుక, ఆ కూలి డబ్బు సంఘము ఇవ్వవచ్చును.

బిడ్డ ఎవరిది అనే ప్రశ్నకు మనము ముందుగానే జవాబు చెప్పలేము. ఒక్కొక్కసారి కన్నవారిది, ఒక్కొక్కసారి పెంచినవారిది. అది విచారణలో తేలవలసినది. కాని ఆ విచారణలో కన్నతల్లి మాట ఆమె భాషలో వినబడవలెనా వద్దా అనే ప్రశ్నకు మాత్రము రెండు జవాబులు లేవు. మన పిల్లలు మన ప్రక్కన ఉన్నారు. ప్రక్క వీధి గుడిసెలో ఉన్న తల్లికి కూడా అంతే ప్రేమ ఉన్నదని నమ్మి, ఆమెకు మాట కరవైనచోట మన మాట అప్పిచ్చుదుము గాక.